కావలిలో చెవి మిషన్ల షాపు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది కావలి. ట్రంకు రోడ్డులో మా నాన్న ముప్పై ఏళ్ల కిందట పెట్టిన కళ్లద్దాల షాపును ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నాకు 33 ఏళ్లు. ఆన్‌లైన్ వచ్చాక అద్దాల వ్యాపారం మునుపటంత లేదు. షాపు వెనక ఒక గది ఖాళీగా ఉంది. ఈమధ్య వినికిడి యంత్రాల కంపెనీ మనిషి ఒకాయన వచ్చాడు. "ఏడు లక్షలు పెట్టండి. మిషన్లు మేమిస్తాం, మా ఆడియాలజిస్టు ప్రతి శనివారం వస్తాడు. నెలకు పది జతలు సులువుగా పోతాయి. రాబోయే పదేళ్లూ ఈ వ్యాపారానిదే" అన్నాడు. నా స్నేహితులేమో "ఇయర్‌బడ్సే చెవి మిషన్లుగా పనిచేస్తున్నాయి, ఇక మిషన్ ఎవరు కొంటారు" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? ఇంకో సంగతి. మా అమ్మకు 60 ఏళ్లు. రెండు మూడేళ్లుగా సరిగా వినపడటం లేదు. బెంగళూరు నుంచి చెల్లెలు వీడియో కాల్ చేస్తే రెండు మాటలు మాట్లాడి ఫోన్ నా చేతికిచ్చేస్తుంది. షాపు సంగతి చెప్పగానే "పెట్టుకుంటే పెట్టుకో, నా చెవిలో మాత్రం ఏదీ పెట్టమాక" అనేసింది. సొంత అమ్మనే ఒప్పించలేనివాణ్ణి, ఊళ్లోవాళ్లకు ఏం అమ్ముతానని టెన్షన్‌గా ఉంది.
— కావలి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: తమ్ముడూ, మీరు అమ్మ సంగతి చివర్లో, అదేదో పక్క విషయం అన్నట్టు రాశారు. నేను మాత్రం దాన్నే ముందు చదివాను. ఇరవై రెండేళ్లుగా నెల్లూరులో ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షించి మిషన్లు సరిచేసే పనిలో ఉన్నాను. కావలి, కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు క్యాంపుల్లో కూర్చున్నాను. ఈ వ్యాపారంలో తెలుసుకోవాల్సిందంతా మీ అమ్మగారు అన్న ఆ ఒక్క మాటలో ఉంది. ముందు కంపెనీ ఆయన లెక్క చూద్దాం, తర్వాత అమ్మ దగ్గరికి వస్తాను.

మార్కెట్ పెరుగుతుందని ఆయన చెప్పింది అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వినికిడి మీద పెద్ద నివేదిక వేసింది. 2050 నాటికి ప్రపంచంలో దాదాపు 250 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుందని, వాళ్లలో కనీసం 70 కోట్ల మందికి చికిత్సో యంత్రమో అవసరమవుతుందని అందులో ఉంది. మన దేశంలో ఇలాంటివారు 6 కోట్లకు పైనేనని అదే సంస్థ అంచనా. 2022లో మన జనాభాలో అరవై దాటినవాళ్లు 10 శాతం చిల్లర. 2050కి అది 20 శాతం దాటుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి లెక్క కట్టింది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వయసుకు తోడు శబ్దం కూడా ఉంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, కటింగ్ యూనిట్లలో, నెల్లూరు చుట్టూ ఉన్న రైస్ మిల్లుల్లో చెవికి ఏ రక్షణా లేకుండా ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు యాభై ఏళ్లకే నా దగ్గరికి వస్తుంటారు. కాబట్టి అవసరానికి కొదవ లేదు.

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. యంత్రంతో మేలు జరిగే వాళ్లలో దాన్ని నిజంగా వాడుతున్నది 17 శాతమేనట. కంపెనీ ఆయనకు మిగతా 83 మంది కొనబోయేవాళ్లుగా కనిపిస్తున్నారు. నేను అడిగేది వేరు. ఇన్నేళ్లుగా వీళ్లెందుకు రాలేదు? దీనికి జవాబు తెలియకుండా షాపు తెరిస్తే, బోర్డు చూసి ఆ 83 మందీ రేపటి నుంచి లోపలికి వచ్చేయరు.

ధర ఒక కారణం, నిజమే. మిషన్లు ఊరికే ఇచ్చినచోట కూడా చాలామంది రాలేదు కదా. నా అనుభవంలో మొదటి కారణం, వినికిడి తగ్గిన మనిషికి తగ్గిందని తెలియకపోవడం. వయసుతో వచ్చే లోపంలో ముందు పోయేది కీచుగా ఉండే సన్నని శబ్దాలు. మన భాషలో అచ్చులు గట్టిగా మోగుతాయి, అవి వినపడుతూనే ఉంటాయి. స, శ, చ, త, ప లాంటి హల్లులు జారిపోతాయి. "తప్పు" అంటే "పప్పు" అనిపిస్తుంది. గొంతు వినపడుతుంది, మాట తెలియదు. అందుకే మీ అమ్మగారిని అడిగితే "నాకు బాగానే వినపడుతోంది, మీరే గొణుగుతున్నారు" అంటారు. ఆమె మొండితనం చేయడం లేదు. తన చెవికి అందుతున్నదే చెబుతున్నారు. వీడియో కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, పెదవుల కదలిక మాటతో కలవదు. అందుకే ఫోన్ మీ చేతికొస్తోంది.

రెండోది సిగ్గు. కళ్లజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడిలా ఉన్నాడంటారు. చెవికి మిషన్ పెడితే "పాపం, చెవుడొచ్చింది" అంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనమే సామెతలు చెప్పుకుంటాం, మళ్లీ అమ్మ ఎందుకు దాచుకుంటోందని మనమే ఆశ్చర్యపోతాం. మీ బోర్డు మీద "చెవిటి మిషన్లు" అని మాత్రం రాయించకండి. "వినికిడి పరీక్ష" అని రాయించండి. కంటి పరీక్షకు వచ్చినంత మామూలుగా ఆ పరీక్షకు రాగలగాలి. కళ్లద్దాల షాపు కావడం మీకు కలిసొచ్చేది ఇక్కడే. లోపలికి వచ్చేవాళ్లు ఎందుకొచ్చారో రోడ్డు మీద వాళ్లకు తెలియదు. ఇంగ్లండులో స్పెక్‌సేవర్స్, జర్మనీలో ఫీల్‌మన్ లాంటి పెద్ద కళ్లద్దాల సంస్థలు చెవి పరీక్షలను కూడా అదే షాపులోకి తెచ్చి నిలబెట్టాయి. ఆలోచన మంచిదే. కంపెనీ ఆయన వేసిన లెక్కతోనే పేచీ.

నా మొదటి ఉద్యోగం నాటి సంగతి చెబుతాను. ఊరి పేరు, షాపు పేరు వదిలేద్దాం. నెలకు ఇన్ని జతలు అమ్మాలని టార్గెట్ ఉండేది. అల్లూరు వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారికి ఖరీదైన జత అమ్మాను. ఆరు నెలల తర్వాత ఆ ఊళ్లో పెళ్లికి వెళ్లి, వాళ్లింట్లో మంచినీళ్లు తాగుతుంటే ఫ్రిజ్ మీద ఆ డబ్బా కనిపించింది. దుమ్ము పట్టి ఉంది. మాస్టారు ఏమీ అనలేదు. వాళ్ల కోడలు చెప్పింది: "పెట్టుకుంటే తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు ఉందంట. మూడుసార్లు ఫోన్ చేశాం, షాపుకి రమ్మన్నారు. రెండుసార్లు బస్సెక్కి వచ్చారు. ఒకసారి మీరు క్యాంపుకి పోయారంట, ఇంకోసారి అలవాటైపోద్దిలే అని పంపించారు." ఆయన చెవిలో పెట్టిన రబ్బరు బుడిపె, మేం డోమ్ అంటాం, చెవిని పూర్తిగా మూసేస్తోంది. గాలి ఆడే డోమ్ మార్చి, గుమ్మని మోగే లావు శబ్దాలను కొంచెం తగ్గిస్తే చాలు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరూ ఇవ్వకపోవడం వల్ల ఆయన ఆరు నెలలు మళ్లీ మౌనంగా కూర్చున్నారు. ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన రోజు నేను పడిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. మాస్టారి వల్ల ఆ వీధిలో ఇంకెంతమంది "మిషన్లు పనిచేయవు" అని తేల్చేసుకున్నారో లెక్కలేదు.

ఇప్పుడు నెలకు పది జతల లెక్క వేద్దాం. ఒక కొత్త మనిషికి పరీక్షకు గంట. మిషన్ పెట్టి, సరిచేసి, తీయడం, పెట్టడం, శుభ్రం చేయడం నేర్పడానికి ఇంకో గంట. వారం తర్వాత ఒకసారి, మూడో వారం ఒకసారి, నెలన్నరకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఒక్కోదానికి ముప్పావుగంట. మొత్తం ఐదు గంటలు. పది మంది అంటే యాభై గంటలు. మీ ఆడియాలజిస్టు వచ్చేది నాలుగు శనివారాలు, రోజుకు ఆరు గంటలు పనిచేసినా 24 గంటలే. అంటే నెలకు నలుగురిని, మహా అయితే ఐదుగురిని చూడగలడు. అది మొదటి ఏడు. రెండో ఏడు నుంచి పాతవాళ్లు గులిమి పట్టిందనో, శబ్దం తగ్గిందనో, ఈల వేస్తోందనో వస్తూ ఉంటారు. నెలకు పది జతలు, వారానికి ఒక్క రోజు ఆడియాలజిస్టు, ఈ రెండూ ఒకేచోట పొసగవు. పది అమ్మితే అందులో ఆరు ఫ్రిజ్‌ల మీదికి పోతాయి.

అందుకే ఆ కంపెనీ ఆయన్ని ఒకటే అడగండి. నెలకు నాలుగు జతలు అనుకుని, ఏడు లక్షలు ఎన్నాళ్లకు తిరిగొస్తాయో కాగితం మీద రాసివ్వమనండి. పది జతల కాగితం ఆయన సంచీలో సిద్ధంగా ఉండే ఉంటుంది. నాలుగింటి కాగితం ఇవ్వగలిగితే మాట్లాడదగ్గ మనిషి. మంచి మిషన్ నాలుగైదేళ్లు పనిచేస్తుంది. బాగా చూసుకున్న మనిషి ఐదో ఏట రెండో జతకు మీ దగ్గరికే వస్తాడు, వస్తూ తన బావమరిదిని తీసుకొస్తాడు. ఈ వ్యాపారంలో డబ్బు కనిపించేది అప్పుడు. అంతవరకు అద్దాల షాపు ఇంటిని నడపగలదా అన్నది మీరే చూసుకోవాలి. ఈ ఏడు లక్షల కోసం బంగారం తాకట్టు పెట్టాల్సి వస్తే మాత్రం ఆగండి.

ఒప్పందంలో చూడాల్సింది ఇంకొకటి ఉంది. చాలామందికి ఇది తట్టదు. ఆ మిషన్లు ఏ ఊళ్లో ఏ ఆడియాలజిస్టు కంప్యూటర్‌తోనైనా సరిచేసుకోవచ్చా, లేక ఆ కంపెనీ షాపుల్లోనే తెరుచుకునేలా తాళం వేసినవా? కొన్ని గొలుసు షాపులు ఇలా అమ్ముతాయి. కావలిలో కొన్న పెద్దాయన ఆరు నెలలు హైదరాబాదులో కూతురింట్లో ఉంటాడు. అక్కడ సరిచేయించుకోలేకపోతే తిట్టేది మిమ్మల్నే. ప్రపంచంలో ఈ వ్యాపారంలో అధిక భాగం ఐదు గుంపుల చేతిలో ఉంది. స్విట్జర్లాండుకు చెందిన సోనోవా ఫోనాక్, యూనిట్రాన్ తయారుచేస్తుంది. డెన్మార్కు డిమాంట్‌ది ఒటికాన్. 2019లో రెండు కంపెనీలు కలిసి ఏర్పడిన డబ్ల్యూఎస్ ఆడియాలజీవి సిగ్నియా, వైడెక్స్, రెక్స్‌టన్. జీఎన్‌ది రీసౌండ్. అమెరికాది స్టార్కీ. మన పెద్దవాళ్లు ఇప్పటికీ "సీమెన్స్ మిషన్" అని అడుగుతారు. సీమెన్స్ ఆ వ్యాపారాన్ని 2015లోనే అమ్మేసింది, ఇప్పటి సిగ్నియా దాని వారసురాలే. కుదిరితే ఒక్క కంపెనీకి కట్టుబడకుండా రెండు మూడు రకాలు ఉంచుకోండి. చెవులు అందరివీ ఒకటి కావు.

కాగితాల పని తప్పించుకోవద్దు. పరీక్ష చేసి మిషన్ సరిచేసే మనిషికి నాలుగేళ్ల బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట లోపాల) చదువు, భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగి, సర్టిఫికెట్ గోడకు తగిలించండి. "మా టెక్నీషియన్‌కు రెండు వారాల ట్రైనింగ్ ఇచ్చాం" అంటే ఒప్పుకోకండి. వినికిడి యంత్రం వైద్య పరికరాల కిందికి వస్తుంది. అమ్మేవాళ్లు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ దగ్గర ఎండీ-42 అనే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 2022లో వచ్చిన నిబంధన ఇది. జీఎస్టీ మాత్రం వినికిడి యంత్రాల మీద లేదు. కొనేవాళ్లకు అది మేలు. మీకు చిన్న మెలిక ఉంది: అమ్మకం మీద పన్ను లేదు కాబట్టి, ఆ గది కోసం కొన్న ఆడియోమీటరు (వినికిడి కొలిచే పరికరం) మీదా, ఏసీ మీదా కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. అద్దాలకు ఒక లెక్క, చెవులకు ఒక లెక్క విడిగా రాయమని మీ ఆడిటర్‌కు ముందే చెప్పండి.

ఆ ఖాళీ గది గురించి కూడా నాకు బెంగగా ఉంది. ట్రంకు రోడ్డు మీద లారీ హారన్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. గోడలకు నాలుగు నురుగు అట్టలు అంటించి సౌండ్‌ప్రూఫ్ అంటే కాదు. రోడ్డు రొద ఎక్కువగా లావు శబ్దాలది. ఆ రొదలో పరీక్ష చేస్తే, మనిషికి లావు శబ్దాలు కూడా వినపడటం లేదని తప్పుగా నమోదవుతుంది. ఆ కాగితం ప్రకారం మిషన్ సరిచేస్తే లావు శబ్దాలను అనవసరంగా పెంచేస్తుంది, చెవిలో గుయ్యిమని రొద. అల్లూరు మాస్టారి కథ మళ్లీ మొదలు. ఏడు లక్షల్లో బల్లలకు, బోర్డుకు, సోఫాలకు ఎంత పెట్టారో చూసి, అందులోంచి సరైన పరీక్ష గదికి మళ్లించండి. సోఫా లేకపోయినా ఎవరూ వెనక్కి పోరు.

ఇక మీ స్నేహితుల మాట. వాళ్లు చెప్పిందీ గాలి మాట కాదు. అమెరికాలో 2022 అక్టోబరు 17 నుంచి, పద్ధెనిమిదేళ్లు దాటి కొద్దిపాటి నుంచి మధ్యస్థం దాకా లోపం ఉన్నవాళ్లు ఏ పరీక్షా లేకుండా షాపులో మిషన్ కొనుక్కోవచ్చు. 2024 సెప్టెంబరులో యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2కు వినికిడి యంత్రంగా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఇంకొకటి మీరు చెవిన వేసుకోవాలి: 2025 ఫిబ్రవరిలో, ప్రపంచంలోనే పెద్ద కళ్లద్దాల కంపెనీ ఎస్సిలార్ లగ్జాటికా తెచ్చిన న్యువాన్స్ ఆడియో అనే కళ్లజోడుకు కూడా అనుమతి వచ్చింది. ఫ్రేములోనే వినికిడి సాయం ఉంటుంది, చెవిలో ఏమీ పెట్టనక్కర్లేదు. అలాంటివి మన ఊళ్లకు మామూలు ధరల్లో వచ్చిన నాడు జనం ముందు వెళ్లేది కళ్లద్దాల షాపుకే.

నా అభిప్రాయం చెబుతాను. ఇయర్‌బడ్స్ మీ వ్యాపారాన్ని చంపవు. నలభై, యాభై ఏళ్లవాళ్లలో కొద్దిగా లోపం ఉన్నవాళ్లు వాటితో మొదలుపెడతారు. వాళ్లు ఇవాళ ఏ మిషన్ షాపుకీ రావడం లేదు, కాబట్టి మీకు పోయేదేమీ లేదు. ఛార్జింగ్ ఐదారు గంటలకే అయిపోతుంది, చెవి మూసుకుపోతుంది, లోపం పెరిగితే చాలవు. అప్పుడు వస్తారు. పైగా బస్సులో ప్రతి కుర్రాడి చెవిలోనూ ఏదో ఒకటి ఉంటే, మీ అమ్మగారి వయసువాళ్లకు సిగ్గు కొంచెం తగ్గుతుంది. దెబ్బ తగిలేది డిస్కౌంట్ బోర్డు చూపించి మధ్య ధర మిషన్లు అమ్మి చేతులు దులుపుకునే షాపులకు. ఆ పని ఆన్‌లైన్ ఇంకా చౌకగా చేస్తుంది.

ఇప్పటికే ఆన్‌లైన్‌లో వెయ్యికీ, రెండు వేలకూ దొరికేవి వేరే సంగతి. అవి అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచే పరికరాలు, మాటతో పాటు ఫ్యాను రొద కూడా పెరుగుతుంది. ఎవరైనా దాన్ని పట్టుకుని మీ దగ్గరికి వస్తే వెక్కిరించకండి. వినాలనే కోరికతో డబ్బు పెట్టిన మనిషి అతను.

రాబోయే రోజుల్లో మీకు నిజంగా పనికొచ్చే మార్పు ఇంకోటి ఉంది. ఇప్పటి మిషన్లు చాలావాటిని ఫోన్ ద్వారా దూరం నుంచే సరిచేయవచ్చు. మనిషి కావలిలో మీ కుర్చీలో కూర్చుంటే, ఆడియాలజిస్టు ఒంగోలులోనో నెల్లూరులోనో కూర్చుని ట్యూనింగ్ మార్చగలడు. మొదటి పరీక్ష, మొదటి అమరిక ఎదురుగానే జరగాలి. తర్వాతి సందర్శనల్లో సగం ఇలా జరిపించవచ్చు. నేను పైన వేసిన 24 గంటల లెక్క కొంచెం సడలేది ఇక్కడే. శనివారం తప్ప మిగతా రోజుల్లో ఇలా అందుబాటులో ఉంటాడా అని ఒప్పందంలో రాయించుకోండి. మిషన్లలో వేసే సెల్లుల అమ్మకం మీద ఆశ పెట్టుకోకండి. ఛార్జింగ్ మిషన్లు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. ఇప్పటికి మాత్రం 10, 312, 13, 675 నంబర్లు నాలుగూ ఉంచండి. ముసలివాళ్లకు రంగుతో చెప్పండి: పసుపు, గోధుమ, నారింజ, నీలం. స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టమనండి, అవి గాలితో పనిచేసే సెల్లులు.

మన కోస్తా ఉక్కపోత మిషన్లకు పెద్ద శత్రువు. రాత్రి పూట సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టమని ప్రతి ఒక్కరికీ చెప్పండి, ఆ డబ్బా ఊరికే ఇవ్వండి. కొందరు తేమ లాగుతుందని బియ్యం డబ్బాలో పెడతారు. తవుడు దుమ్ము పోయి మైకు రంధ్రం మూసుకుపోతుంది.

ఉచిత మిషన్ల గురించి భయపడుతున్నారేమో, మీరు రాయలేదు గానీ అందరూ అడుగుతారు. పేద వృద్ధులకు ఉచితంగా పరికరాలిచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మొదలైందే మన నెల్లూరులో. కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో ద్వారా ఇస్తారు. వికలాంగులకు ఏడీఐపీ పథకం 1981 నుంచి ఉంది. క్యాంపులో మిషన్ చేతికి వస్తుంది, తర్వాత సెల్లు ఎక్కడ దొరుకుతుందో, ట్యూబు గట్టిపడితే ఎవరు మారుస్తారో తెలియదు. అలాంటి మనిషి మీ గడప ఎక్కితే "ఇది మా దగ్గర కొన్నది కాదు" అనకండి. ట్యూబు మార్చండి, చెవి అచ్చు తీసి మోల్డు చేయించి ఇవ్వండి, దానికి తగిన డబ్బు తీసుకోండి. ధర పెట్టలేనివాళ్లను నెల్లూరులో వికలాంగుల కోసం ఉన్న ప్రభుత్వ పునరావాస కేంద్రం సీఆర్‌సీకి దారి చూపించండి. సదరం సర్టిఫికెట్ కోసం కూడా మీ దగ్గరికే వస్తారు. అది మీరు ఇచ్చేది కాదని, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉంటుందని ఓపికగా చెప్పండి. పింఛను కోసం లోపాన్ని ఎక్కువ చేసి కాగితం రాయమని అడిగేవాళ్లుంటారు. ఒక్కసారి కూడా రాయవద్దు.

ఎవరికి అమ్మకూడదో కూడా తెలిసి ఉండాలి. నిన్నటిదాకా బాగా విని, ఒక్కసారిగా ఒక చెవి పోయిందని వచ్చిన మనిషిని ఆ పూటే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపండి. మొదటి కొద్ది రోజుల్లో మందు పడితే వినికిడి తిరిగి రావచ్చు, మీ షాపులో ట్రయల్ పేరుతో వారం పోగొడితే అది దక్కకపోవచ్చు. ఒక్క చెవిలోనే లోపం, ఒక్క చెవిలోనే హోరు, చీము, కళ్లు తిరగడం, వీటన్నిటికీ ముందు డాక్టరే. చిన్నపిల్లలను అసలు ముట్టుకోకండి. వాళ్లకు వేరే పరీక్షలు, వేరే నిపుణులు కావాలి, నెలలు ఆలస్యమైతే మాటే రాదు.

మతిమరుపు భయం చూపించి అమ్మవద్దు. ఈమధ్య కొందరు ఈ పని చేస్తున్నారు. వినికిడి లోపానికీ డిమెన్షియాకూ సంబంధం ఉందని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పిన మాట నిజమే. 2023లో అమెరికాలో వెలువడిన పెద్ద ప్రయోగంలో, మూడేళ్ల తర్వాత మొత్తం మీద చూస్తే మిషన్ పెట్టుకున్నవాళ్లకూ పెట్టుకోనివాళ్లకూ తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువున్న గుంపులో మాత్రం మేలు కనిపించింది. మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రాదని ఏ పెద్దాయనకూ మాట ఇచ్చేంత ఆధారం అది కాదు. కూతురి మాట వినపడుతుందన్న మాట చాలు.

కాబట్టి షాపు పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు, ఆయన చెప్పిన పద్ధతిలో వద్దు. ముందు ఒక ఏడాది నెలకు రెండు శనివారాలు వినికిడి పరీక్షలు మాత్రం పెట్టించండి, పరీక్షకు రుసుము తీసుకోండి. ఎంతమంది వస్తున్నారో, ఏ వయసువాళ్లో, పరీక్ష అయ్యాక ఎందుకు ఆగిపోతున్నారో ఒక పుస్తకంలో రాయండి. వాళ్లలో కొనదలచినవాళ్లకు వారం పది రోజులు ఇంటికి ట్రయల్ ఇవ్వమని కంపెనీని అడగండి. ఇవ్వని కంపెనీతో పనే వద్దు.

ఇక మీ అమ్మగారు. ఆమెను మీ షాపుకు మొదటి గిరాకీగా చూడకండి. ఆ ఆలోచన మీ ముఖంలో కనిపించినా ఆమె కుర్చీ ఎక్కరు. మీ షాపుతో సంబంధం లేకుండా నెల్లూరులోనో ఒంగోలులోనో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. "చెవి మిషన్" అనే మాట ఎత్తకండి, "చెవిలో గులిమి ఉందేమో చూపిద్దాం" అనండి. అది అబద్ధం కాదు, నిజంగానే ముందు చూడాల్సింది అదే. గులిమి గట్టిపడి వినపడని వాళ్లను నేను ఎంతోమందిని చూశాను. తర్వాత పరీక్ష. కాగితంలో ఏముందో డాక్టర్ చేతే ఆమెకు చెప్పించండి, మీకు కాదు. పక్కన కూర్చున్న కొడుకుతో మాట్లాడి పెద్దవాళ్లను పంపించేయడం మా వృత్తిలో చాలామంది చేసే తప్పు.

మిషన్ అవసరమని తేలితే, "ఏ మాటలు వినపడటం లేదని నీకు బాధగా ఉంది?" అని ఆమెనే అడగండి. టీవీ అనరు. చెల్లెలి పేరే చెబుతారని నా నమ్మకం. మొదటి వారం ఇంట్లోనే, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, రోజుకు రెండు మూడు గంటలు పెట్టుకోమనండి. గిన్నెల చప్పుడు, కాకి అరుపు, తన అడుగుల చప్పుడు కొత్తగా, చిరాగ్గా వినిపిస్తాయి. "తీసెయ్" అంటే తీసేయనివ్వండి, సాయంత్రం మళ్లీ పెట్టండి. గుడికీ, పెళ్లికీ రెండో వారం దాకా తీసుకెళ్లకండి. ఆమె ఏ రోజు ఏం విసుక్కున్నారో, ఆడియాలజిస్టు దగ్గర ఏం మార్పించారో, ఎన్నిసార్లు బస్సెక్కారో మూడు నెలల పాటు రాసి పెట్టండి. ఆ మూడు నెలలూ అయ్యాక కంపెనీ ఆయన్ని కూర్చోబెట్టి, ఆ పుస్తకం చూపించి, ఇన్నిసార్లు మీవాళ్లు కూర్చుంటారా అని అడగండి.

వీడియో కాల్ మొదటి రోజే చేయించకండి. చెల్లెలికి ముందే చెప్పి ఉంచండి, పదో రోజు తర్వాత ఒక ఆదివారం ఉదయం, ఫ్యాను ఆపి, మిషన్‌కు ఫోన్ కలిపి, ముఖం వెలుతురులోకి పెట్టుకుని, మెల్లగా మాట్లాడమనండి. మీరు ఆ గదిలో ఉండకండి, లేకపోతే అలవాటుకొద్దీ ఫోన్ మీ చేతికిచ్చేస్తారు.